సకినం ఎటు తిరుగుతుంది

ఏడో తరగతిని నేను మూడుసార్లు చదివాను. ఏడుకు ఆ పై రెండేళ్లు కలిపితే తొమ్మిది అవుతుంది కాబట్టి నన్ను తొమ్మిది దాకా చదివినవాడి కింద జమ కట్టాలని చాలామందితో వాదించాను. ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకోని వాళ్లలో మా తెలుగు సారు మొదటివారు. "నువ్వు మూడేండ్లు సదివింది పుస్తకం కాదురా, కిటికీల నుంచి రైళ్లు సదివినవ్" అన్నారాయన. అది అబద్ధమేమీ కాదు. కాజీపేటలో పట్టాల పక్కన బడి కట్టి పిల్లలను నల్లబల్ల వైపు చూడమంటే ఎట్లా చూస్తారు? అటువంటి నన్ను పట్టుకుని మొన్న మా మనుమరాలు ఒక మాటకు పుట్టుపూర్వోత్తరాలు చెప్పమంది.

పిల్ల హనుమకొండలో డిగ్రీ చదువుతోంది. ఎవరింట్లో వాడే మాట ఒకటి వాళ్లు తీసుకుని, దాని అర్థమేమిటో, అది ఎక్కడి నుంచి వచ్చిందో రాసుకుని రమ్మని వాళ్ల మేడం చెప్పిందట. ఏ మాట రాయాలా అని ఇల్లంతా చూస్తే టీవీ పక్కన సకినాల డబ్బా కనిపించింది. అంతే, అదే రాసుకుంది.

"తాతా, సకినం అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది?"

"చౌరస్తా కాడి స్వీట్ షాపు నుంచి వచ్చింది. డబ్బా మీద అడ్రస్ ఉంటది సూడు."

"తెల్వకుంటే తెల్వదని చెప్పరాదు?"

తెలియదని చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. అదొక్కటి వచ్చి ఉంటే ఏడో తరగతి రెండుసార్లతోనే వదిలేవాణ్నేమో. కానీ ఈసారి నేను నోరు మూసుకున్నది తెలియక కాదు. ఆ ప్రశ్నను నేనే ఒకసారి ఇంకొకరిని అడిగాను. సరదాకు కాదు, నా నోటి దురుసుతో ఒక మనిషికి చేసిన చెరుపును ఎట్లాగైనా సరిచేయాలని అడిగాను.

సకినం తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. బియ్యం నానబోసి, వడకట్టి, తడి ఆరీ ఆరకముందే గిర్నీలో పట్టించి, ఆ పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి మెత్తగా కలుపుతారు. దాన్ని అచ్చులో పెట్టి నొక్కరు. వేళ్ల మధ్య మెలిపెడుతూ, పరిచిన తెల్ల పంచె మీద వేలు దూరేంత సున్నా ఒకటి చుట్టి, దాని చుట్టూ ఇంకో చుట్టు, దాని చుట్టూ ఇంకోటి, ఇట్లా మూడో నాలుగో తిప్పి కొసను అంటిస్తారు. పంచె తడిని పీల్చుకున్నాక పళ్లెం అంచుతో లేపి నూనెలోకి జారవిడుస్తారు. వేగినదాన్ని సన్నటి పుల్లతో నడిమి బొక్కలో గుచ్చి తీస్తారు. ఒక్క మనిషి కూర్చుంటే తెమిలే పని కాదు, నలుగురైదుగురు ఆడవాళ్లు పంచె చుట్టూ చేరాలి. పెళ్లయి అత్తగారింటికి పోయే పిల్ల వెంట గంపల నిండా ఇవి పోవాలి. అక్కడ వాళ్లు ఇల్లిల్లూ పంచుతారు. పిల్ల మొహం చూడనివాళ్లు కూడా పిల్ల తల్లిగారి సకినం కొరికి చూస్తారు.

మా ఇల్లు పట్టాలకు ఎంత దగ్గరంటే, గూడ్సు బండి పోతుంటే అటక మీది ఇత్తడి బిందెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. బాపు రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగు పని చేసేవాడు. అప్పుడింకా బొగ్గు ఇంజన్లు. ఉతికిన బట్టలు ఆరేస్తే సాయంత్రానికి మళ్లీ ఉతకాలి. సకినాల బియ్యం నీడన ఆరబోసినప్పుడు అమ్మ వాటి మీద పల్చటి చీర కప్పి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టేది. అయినా నుసి పడేది. మా ఇంటి సకినాల్లో కనిపించే చుక్కలన్నీ నువ్వులేనని నేను ఈనాటికీ పూచీ ఇవ్వలేను. కాగే నూనెలో వాము వాసన, దాని వెనకే బొగ్గు పొగ వాసన, రెండూ కలిసి వచ్చేవి. ఇప్పటికీ వాము వాసన వస్తే నా ముక్కు రెండో వాసన కోసం కాసేపు వెతుక్కుంటుంది.

అట్లాంటి ఇంట్లో మా అమ్మ పంపే మొదటి ఆడపిల్ల మా విమలక్క. సంబంధం తొర్రూరు వాళ్లు. సకినాలకు పెద్ద దిక్కు మా పెద్దమ్మ, అంటే బాపు అన్నగారి భార్య. పక్క గదిలోనే ఉండేది. పిండి నోట్లో పెట్టుకోకుండా వాసన చూసి ఉప్పు తక్కువైందో ఎక్కువైందో చెప్పేది. మొదటి ముద్దతో గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకున్నాక గానీ ఎవరినీ పిండి ముట్టనిచ్చేది కాదు. మా అమ్మ ఆమె ముందు కూర్చుని గట్టిగా దగ్గి కూడా ఎరగదు. పెద్దమ్మకు ఒక్కతే బిడ్డ, సరోజనక్క. పెళ్లయిన ఏడాది తిరగకముందే సరోజనక్క తన పెట్టెతో తిరిగి వచ్చేసింది. ఎందుకో మాకు చెప్పలేదు, మేము అడగలేదు. అప్పటి నుంచీ పెద్దమ్మ గడప దాటాలంటే పిల్లి, తుమ్ము, ఎదురొచ్చే మనిషి, అన్నీ చూసుకునేది. సరోజనక్క మాత్రం ఏమీ చూసేది కాదు. తల వంచుకుని ఇచ్చిన పని చేసేది.

ఆ ఏడే మా అన్నకు పెళ్లయి కమల వదిన ఇంటికి వచ్చింది. కేసముద్రం దగ్గరి పల్లె ఆమెది. వదినది పుర్రచేతి వాటం. అన్నం మాత్రం కుడిచేత్తో తినేది, అది చిన్నప్పుడు దెబ్బలు తిని నేర్చుకున్నదట. కొడవలి పట్టినా, సూది పట్టినా ఎడమ చెయ్యే. నాకు అప్పటికి మీసాలొచ్చాయి. సైకిల్ కొట్టులో పని చేస్తున్నాను. వదినకూ నాకూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాటల పోటీ. ఎక్కువసార్లు ఆమే గెలిచేది, ఒప్పుకోవడానికి నాకు యాభై ఏళ్లు పట్టలేదు, నలభై అయిదే పట్టాయి.

సకినాలు మొదలుపెట్టిన రోజు వదిన కూడా పంచె దగ్గర కూర్చుంది. నేను కొట్టు నుంచి తిండికి వచ్చాను. ఆమె ముందు ఓ ఎనిమిది సకినాలున్నాయి. సన్నగా, ఒక్క చోట కూడా తెగకుండా, అచ్చు పోసినట్టున్నాయి. కాకపోతే మిగతావాళ్లవన్నీ ఒక వైపు తిరిగితే వదినవి రెండో వైపు తిరిగాయి. కొసలు ఎదురెదురుగా ఉన్నాయి. అది నా కంట పడింది. కంట పడింది నోట్లోంచి రాకపోతే నేను నేనెట్లా అవుతాను?

"వదినె, నీ సకినం ఎక్కినోడు సికింద్రాబాద్ పోదామనుకుంటె బల్లార్షల దిగుతడే!"

మా స్టేషన్ నుంచి ఆ రెండు ఊళ్లూ చెరో దిక్కు. ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. వదిన కూడా నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు.

"ఏమన్నవ్‌రా?"

"ఏం లేదు పెద్దమ్మా, వదినెయి ఉల్టా తిరిగినయ్ అంటాన."

పెద్దమ్మ వంగి చూసింది. తనవి చూసింది, వదినవి చూసింది. అప్పటిదాకా ఆమెకు అది పట్టనే లేదు. నేను చూపించకపోతే ఎప్పటికీ పట్టేది కాదు.

"పుర్రచేతితోని చుట్టినవా బిడ్డా?"

"నాకు గట్లనే ఒస్తది అత్తమ్మా."

"ఇంకో దినమైతె ఏమనకపోదును. ఇవి పిల్ల ఎంబడి పోయేటియి. సకినం అంటె ఏందనుకున్నవ్? శకునం. పిల్లకన్న ముందుగాల్ల ఆ గడప దాటేటియి ఇవే. ఇవి ఉల్టా తిరిగితె, పిల్ల గూడ ఉల్టా తిరిగొస్తది."

అందరూ పంచె వైపు చూశారు. సరోజనక్క అరుగు మీద కూర్చుని పిండి జల్లిస్తోంది. ఆమె వైపు ఎవరూ చూడలేదు. జల్లెడ చప్పుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు. పెద్దమ్మ ఆ ఎనిమిదింటినీ వేళ్లతో దగ్గరికి లాగి, పిసికి, ముద్దలో కలిపేసింది. కోపంతో కాదు, ఎంతో మెల్లగా కలిపింది. వదిన చేతులు కడుక్కుని పొయ్యి దగ్గరికి వెళ్లి కట్టెలు ఎగదోస్తూ కూర్చుంది. అన్నం తినకుండానే నేను కొట్టుకు పోయాను. పని ఉందని కాదు.

సాయంత్రం బోరింగు దగ్గర వదిన గిన్నెలు తోముతోంది. నేను పోయి బోరింగు కొట్టాను.

"వదినె, ఊకె నవ్వులాటకు అన్న."

"ఎరుకే."

"పెద్దమ్మ గంత దూరం గుంజుతదని నాకేం ఎరుక?"

"నీ నోటికి జరంత తాళమేస్తె ఏం పోతది పిలగా? మా అమ్మగారింట్ల నేను కూసుంటె గాని పంచె పరువరు. ఇక్కడ నేనొచ్చినంక ఇదే మొదటి పెండ్లి. ఇయ్యాల సకినాలకు కూసోని కోడలు, మల్ల ఏ పనికి కూసుంటది? రేపటితోని సకినాలు అయిపోతయి. గంతే ఇగ, నేను పొయ్యి కాడిదాన్నే."

"కుడిచేతితోని చుట్టరాదు?"

ఆమె బూడిద అంటిన కుడిచేతిని చూపించింది. మధ్యాహ్నం ఎవరూ చూడకుండా పెరట్లో పీట మీద ప్రయత్నించిందట. "కుక్క తోక లెక్క వచ్చినయి" అంది. నవ్వబోయింది గానీ నవ్వు సగంలో ఆగిపోయింది. బిందె నిండి పొర్లుతున్నా నేను బోరింగు కొడుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున మా తెలుగు సారు కొట్టుకు వచ్చారు. వెనక చక్రం వంకర పోయింది. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, చక్రం తిప్పి, ఎక్కడ వంకర ఉందో చూస్తున్నాను. సారు అవతలి వైపు నిలబడ్డారు. వేరే రోజైతే ఆయన్ను చూసి ఏ సందులోనో దూరేవాణ్ని.

"సార్, సకినం అంటె ఏంది సార్? ఆ మాట ఎక్కడిది?"

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "మూడేండ్లల్ల ఒక్కనాడన్న ప్రశ్న అడిగినవారా నన్ను? ఇయ్యాల పంక్చర్ సొల్యూషన్ ఏమన్న తాగినవా?"

"మా పెద్దమ్మ శకునం అంటాంది."

"అట్ల అనేటోళ్లున్నరు" అని సారు గొంతు సవరించుకున్నారు. ఆయనకు పాఠం చెప్పడానికి బడి అక్కర్లేదు. "కొందరేమో చక్రం నుంచి వచ్చిందంటరు. గుండ్రంగ ఉంటది గదా. కొన్ని దిక్కుల చక్కిలాలు అంటరు సూడు, అది గూడ ఆ చుట్టమే అంటరు. ఇంకొందరు సంస్కృతంల శష్కులి అని ఉన్నది, దాని నుంచే అంటరు. శష్కులి అంటె గుండ్రటి పిండివంట. మన చెవి దొప్పను గూడ అదే మాటతోని అంటరు, అదీ మెలిక దిరిగే ఉంటది గదా."

"ఇందుల ఏది ఖరారు సార్?"

"ఏదీ ఖరారు కాదు. మాట పుట్టినప్పుడు మనం లేకపోతిమి."

నాకు చక్రం నచ్చింది. చక్రమైతే నా పని సులువు. "అయితె సార్, చక్రం ఎటు తిరిగినా చక్రమే గదా? ఇగో, ఇప్పుడు కుడికి తిరుగుతాంది. ఎడమకు తిప్పితె మాత్రం..."

"కుడికి ఎక్కడిదిరా? ఎడమకు తిరుగుతాంది."

"కుడికే సార్."

"నాకు కండ్లద్దాలున్నయ్, నీకు లేవు. ఎడమకు."

ఇద్దరం చక్రానికి చెరో పక్క నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చక్రం మా మధ్యన తిరుగుతూనే ఉంది. నేను సారు పక్కకు వెళ్లి నిలబడ్డాను. నిజమే, ఎడమకే తిరుగుతోంది. ఇవతలికి వచ్చాను. కుడికి. మళ్లీ అవతలికి పోయాను. సారు నా తిక్క ముదిరిందనుకున్నారు. వంకర సగం తీసిన చక్రాన్ని అట్లాగే వదిలేసి, "సార్, ఇప్పుడే వస్త" అని ఇంటికి పరిగెత్తాను. సారు ఆ రోజు బడికి నడిచి పోయారని తర్వాత తెలిసింది.

ఇంట్లో పంచె పరిచి ఉంది. పెద్దమ్మ, అమ్మ, ఇరుగుపొరుగు ఇద్దరు చుట్టుతున్నారు. వదిన పొయ్యి దగ్గర. సరోజనక్క జల్లెడ దగ్గర. నేను ఆయాసపడుతూ నడిమిట్ల నిలబడ్డాను.

"పెద్దమ్మా, మాట అర్థం కనుక్కొచ్చిన. శకునం కాదంట, చక్రమంట."

"సైకిల్ కొట్టుల సంస్కృతం గూడ దొరుకుతాందారా?"

అందరూ నవ్వారు. నేను ఎదురుచూసిన నవ్వు అది కాదు. "సారే చెప్పిండే" అన్నాను.

"చక్రమే అనుకో. చక్రం ఉల్టా తిరిగితె బండి ఎటు పోతదిరా, రైల్వే ఇంట్ల పుట్టినోడా?"

దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ అక్కడికక్కడే రాలిపోయాయి. ఇక మాట వల్ల కాదని గంపలోంచి వేగిన సకినం ఒకటి తీసి పెద్దమ్మ అరచేతిలో పెట్టాను.

"ఇది ఎవ్వలు చుట్టిండ్రు?"

"నేనే."

"ఎటు తిరిగింది?"

"ఇటు" అని వేలు పెట్టి చూపించింది.

నేను దాన్ని ఆమె చేతిలోనే బోర్లించాను. "ఇప్పుడు?"

పెద్దమ్మ చూసింది. మళ్లీ తిప్పింది, చూసింది. గంపలోంచి ఇంకోటి తీసింది, మరోటి తీసింది. అన్నీ తను చుట్టినవే. ఒక పక్క చూస్తే ఒక తీరు, బోర్లిస్తే రెండో తీరు. పట్టాల మీద గూడ్సు వచ్చింది, అటక మీద బిందెలు కదిలాయి. ఆ బండి పొడుగూతా పోయేదాకా పెద్దమ్మ సకినాలు తిప్పి చూస్తూనే ఉంది. ఇక నేను గెలిచానని నవ్వడానికి నోరు తెరిచాను. కానీ పెద్దమ్మ మొహంలో ఓడిన కళ కనిపించలేదు. భయం ఇంకా అట్లాగే ఉంది. బోర్లించినంత మాత్రాన విమలక్క తిరిగి రాదని ఎవరు పూచీ?

అప్పుడు జల్లెడ చప్పుడు ఆగింది.

"అమ్మా" అంది సరోజనక్క. ఆ గొంతు ఆ వారంలో మేము విన్నది అదే మొదటిసారి. "నాతోని పంపినయన్ని నువ్వే చుట్టినవ్ గదనే. ఒక్కటన్న ఉల్టా చుట్టినవా?"

పెద్దమ్మ చేతిలో సకినం విరిగింది. కావాలని విరిచిందో, వేళ్లు బిగుసుకున్నాయో తెలియదు. చాలాసేపు బిడ్డ వైపే చూసింది. బిడ్డ తిరిగి వచ్చిననాటి నుంచి, ఏ శకునం చూడక ఇట్లా అయిందో, ఎక్కడ తన చెయ్యి తప్పిందో అని ఆమె వెతుక్కుంటూనే ఉందని నాకు అప్పుడు అర్థం కాలేదు. నాకూ ఒక బిడ్డ పుట్టి, ఆమెను అత్తగారింటికి పంపిన నాడు అర్థమైంది.

పెద్దమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, తన పక్కనున్న పీటను జరిపింది.

"కమలా, ఇటొచ్చి కూసో. సరోజనా, నువ్వు గూడ రావే. పిండి ఆరిపోతాంది."

ఆ రోజు వదిన చుట్టిన సకినాలు మూడు గంపల్లో పోయాయి. తొర్రూరులో వాటిని తిన్నవాళ్లు ఏవి ఎటు తిరిగాయో చూడలేదు, సన్నగా ఉన్నాయని మాత్రం మెచ్చుకున్నారట. విమలక్క సంసారం అందరి సంసారాల్లాగే సాగింది. రెండుసార్లు అలిగి వచ్చింది, రెండుసార్లూ బావే వచ్చి తీసుకుపోయాడు. అందులో సకినాల పుణ్యం గానీ పాపం గానీ ఏమీ లేదు.

ఇప్పుడు పెళ్లికి సకినాలు కావాలంటే ఫోన్‌లో చెప్తే చాలు. వేళకు డబ్బాలు దిగుతాయి. మనుమరాలి డబ్బాలో ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశాను. ఎవరో చేత్తో చుట్టిందే. ఏదో రేకుల షెడ్డులో వరసగా కూర్చుని పొద్దుగూకులూ చుట్టే ఆడవాళ్లలో ఒకామె. ఏ చేత్తో చుట్టావని ఆమెను ఎవరూ అడగరు. అది ఎంతో మంచిది. పక్కన పీట జరిపి ఇటు వచ్చి కూర్చోమని కూడా బహుశా ఎవరూ అనరు. పీట జరపడం ఉంచుకుని, ఏ చెయ్యి అని అడగడం మాత్రం వదిలిపెట్టే ఉపాయం మాకు ఆనాడు తెలియలేదు, వీళ్లకు ఈనాడూ తెలియదు. మా ఇళ్లలో ఇప్పుడు ఎవరూ శకునాలు చూడరు. పెద్దమ్మ లాగా పిండి వాసన చూసి ఉప్పు చెప్పేవాళ్లూ లేరు. ఏది పోవాలో అది పోయిందా, ఏది ఉండాలో అది కూడా దాంతోపాటే పోయిందా అని కూర్చుని ఆలోచిస్తే, నాకు రెండు వైపులా నిజమే కనిపిస్తుంది.

మనుమరాలికి ఇదంతా చెప్పాను. శకునం, చక్రం, శష్కులి, మూడూ రాయించాను. ఏదీ ఖరారు కాదని సారు అన్నమాట కూడా రాయించాను. చెప్పేటప్పుడు నా వంతు కథ కొంచెం పెంచే చెప్పాననుకోండి. ఏడో తరగతి తప్పినవాడు ఒక్క మాటకు అర్థం కనుక్కొచ్చి వదిన పరువు ఎట్లా నిలబెట్టాడో, చేతులు తిప్పుతూ వివరించాను. సోఫాలో కూర్చుని వింటున్న వదినకు ఇప్పుడు డెబ్బై దాటాయి, మోకాళ్లు సహకరించవు గానీ చెవులు బాగా పని చేస్తాయి. నేను పూర్తి చేసేదాకా ఓపిగ్గా ఉండి, కళ్లద్దాల మీది నుంచి నన్ను చూసింది.

"ఏం పిలగా, నువ్వు అర్థం కనుక్కొచ్చేదాక నా సకినాలు నాలుగు మూలలతోని ఉండెనారా?"